చెయ్యి దించకు

హనుమకొండ
మే నెలాఖరు, ఆదివారం రాత్రి

బిడ్డా,

నిన్న రాత్రి ఫోనులో నువ్వు అరగంట సేపు గోడు వెళ్లబోసుకుంటే నేను "సరే, పొద్దుపోయింది, పడుకో" అని పెట్టేశాను. నీకు కోపం వచ్చే ఉంటుంది. మీ అమ్మకైతే వచ్చింది. "పిల్లవాడు అంత బాధపడుతుంటే ఒక్క మంచి మాట రాలేదా నీ నోటి నుంచి" అని పొద్దున చాయ్ గ్లాసు కాస్త గట్టిగానే నా ముందు పెట్టింది. చెప్పాల్సిన మాట ఉంది. అది ఫోనులో చెప్పేది కాదు. అందుకే చాలా ఏళ్ల తర్వాత కాగితం తీశాను.

నీ ఫిర్యాదు నాకు పొల్లుపోకుండా గుర్తుంది. విశాఖలో సముద్రంలో పడ్డవాళ్లను కాపాడే శిక్షణకు పోయావు, ఈతలో మీ బ్యాచ్ మొత్తానికి నువ్వే మొదటివాడివి. అయినా ఆ పెద్ద సార్ మూడు రోజులుగా నిన్ను నీళ్లలోకి దిగనివ్వడం లేదు. మిగతావాళ్లు పడవ మీంచి దూకుతుంటే నిన్ను పడవ అంచున నిలబెట్టి, పడ్డ మనిషికి బదులు నీళ్లలో వేసిన బొమ్మ వైపు చెయ్యి చాపి చూపిస్తూ ఉండమన్నాడు. పడవ ఎటు తిరిగినా నీ చెయ్యి బొమ్మ వైపే ఉండాలి. తాడు ముట్టుకోకూడదు. వెనక్కి తిరగకూడదు. ఎవరు పిలిచినా పలకకూడదు. నిన్న ఒక్క క్షణం పక్కకు చూసినందుకు అందరి ముందూ కేకలేసి మళ్లీ మొదటి నుంచి చేయించాడు. "చెయ్యి చాపి నిలబడడానికి నేనెందుకు బాపూ, అక్కడ ఒక కర్ర పాతినా సరిపోతుంది కదా" అన్నావు. వేరే శిక్షకుడి దగ్గరికి మార్చమని అర్జీ పెడతానన్నావు.

ఆ అర్జీ ఇప్పుడే పెట్టకు. ముందు ఇది చదువు.

"సముద్రం సంగతి నీకెలా తెలుస్తుంది, మనది చెరువుల ఊరు" అని కూడా అన్నావు. నిజమే. 30 ఏళ్ల అగ్నిమాపక ఉద్యోగంలో నేను దిగినవన్నీ చెరువులు, వాగులు, బావులు, గోదావరి. సముద్రాన్ని నాలుగైదుసార్లు చూశాను, అదీ ఒడ్డున నిలబడి. కానీ మీ విశాఖ మత్స్యకారులకు రేపు అలలు ఎంత ఎత్తున లేస్తాయో చెప్పే ఇన్‌కాయిస్ కేంద్రం ఉన్నది మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో. సముద్రం కంటికి ఆనని చోట కూర్చుని వాళ్లు సముద్రాన్ని కనిపెడుతున్నారు. నేను కూడా రాత్రంతా నిద్ర పట్టక, మీ పెద్ద సార్ నీతో చేయిస్తున్న పని ఏమిటో లెక్కవేసి చూశాను.

పడవ 10 నాట్ల వేగంతో పోతోందనుకో. అంటే గంటకు 18 కిలోమీటర్ల పైచిలుకు. మనిషి పడ్డాడని కేక వినిపించి, నడిపేవాడు తేరుకుని, పడవను తిప్పేలోపు ఒక్క నిమిషం గడిచిందనుకో. మనిషికీ పడవకీ మధ్య 300 మీటర్లు. అంత దూరాన నీళ్ల మీద కనిపించేది మనిషి కాదు, తల. కొబ్బరికాయంత తల. మీటరు ఎత్తున అల లేస్తే అదీ కనిపించదు. అల దిగాక మళ్లీ కనిపించాలి, కానీ ఎక్కడ? గాలి పడవను ఒక పక్కకు నెడుతుంది, నీరు మనిషిని ఇంకో పక్కకు తీసుకుపోతుంది, పడవ తిరిగేసరికి దిక్కులే మారిపోతాయి. ఇక్కడైతే తాటిచెట్టో గుడి గోపురమో గుర్తు పెట్టుకుంటాం. అక్కడ గుర్తు పెట్టుకోవడానికి ఏముంది? ఆ పడవ మొత్తానికి ఉన్న ఒకే ఒక గుర్తు నీ చెయ్యి. అది దిగితే ఆ మనిషి అంత నీళ్లలో ఎక్కడ ఉన్నాడో తెలిసినవాళ్లు ఎవరూ మిగలరు.

ఈ మాట పుస్తకంలో చదివి రాయడం లేదు. ఎలా తెలిసిందో మీ అమ్మకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో వానాకాలం అది. నాకు 24 ఏళ్లు. జీలుగ బెండ్లు నడుముకు కట్టుకుని మోటబావిలో ఈత నేర్చుకున్నవాణ్ని, పదేళ్లకే బెండ్లు విప్పేసి బావి గట్టు మీంచి తలకిందులుగా దూకినవాణ్ని. స్టేషన్‌లో నాకంటే బాగా ఈదేవాడు లేడు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. మా లీడింగ్ ఫైర్‌మన్‌కు యాభై దాటాయి. అందరం పెద్దన్న అనేవాళ్లం. గోదావరి ఒడ్డున పుట్టినవాడు. అయినా ఆయన నీళ్లలోకి దిగగా నేను చూసింది తక్కువ. ఎక్కడికి పోయినా బండి దిగి ఒడ్డున నిలబడి నీళ్లను చూసేవాడు. చూసి చూసి, అప్పుడు నోరు తెరిచేవాడు. అది భయమనుకున్నాను. తోటివాళ్లతో ఆ మాట అన్నాను కూడా.

ములుగు వైపు ఒక పాత చెరువు. ఊరి పేరు రాయను, ఆ పిల్లవాడి తల్లి ఇంకా ఉంది. రెండు రోజులు కురిసిన వానకు చెరువు నిండి, ఎక్కువైన నీరు పొర్లిపోయే గోడ మీంచి మత్తడి దూకుతోంది. కట్ట బలహీనంగా ఉందని, జనాన్ని దింపేయమని మమ్మల్ని పంపారు. మత్తడి పడితే మన ఊళ్లలో ఎలా ఉంటుందో నీకు తెలుసు. చేపలు ఎదురెక్కుతాయి. వలలు, దోమతెరలు, పాత చీరలు పట్టుకుని ఊరంతా అక్కడే ఉంటుంది. మేం జనాన్ని వెనక్కి జరుపుతుండగానే 14 ఏళ్ల పిల్లవాడు పాచి మీద కాలు జారి మత్తడి కిందికి పోయాడు. ఎర్ర బనియను. పడడం నేను కళ్లారా చూశాను.

మత్తడి గురించి నీకు ఎప్పుడూ విప్పి చెప్పలేదు. ఇప్పుడు విను. పైనుంచి చూస్తే తెల్లటి తెర దించినట్టు అందంగా ఉంటుంది. కింది పక్క కూడా నీరు ఎత్తుగా నిలిచినప్పుడు దాని స్వభావం మారిపోతుంది. పడిన నీరు నేరుగా అడుగుకు పోతుంది. అడుగునే కొంత ముందుకు సాగి, కొన్ని గజాల అవతల బుగ్గలా పైకి ఉబుకుతుంది. ఉబికిన నీటిలో కొంత వాగులోకి పోతుంది. మిగతాది పైపైన వెనక్కి, గోడ వైపే తిరిగి వస్తుంది. దుంగైనా మనిషైనా ఆ వెనక్కి వచ్చే నీటికి చిక్కితే గోడ దగ్గరికి రావడం, కిందికి పోవడం, తేలడం, మళ్లీ గోడ దగ్గరికి రావడం, అంతే. నురుగు నిండా గాలే కాబట్టి చెయ్యి వేస్తే పట్టు దొరకదు. ఎంత గజ ఈతగాడికైనా అక్కడ ఈత పనిచేయదు. పైకి రావాలని కొట్టుకోకుండా అడుగు నీటితోనే పోయి బుగ్గ దాటాక తేలినవాడు బతుకుతాడు.

ఇది ఆ రోజు నాకు తెలియదు. పెద్దన్నకు తెలుసు. ఆయన గట్టు మీద నిలబడి చెయ్యి చాపి, "ఎవరూ దిగకండి. బుగ్గ అవతల చూడండి, అక్కడే తేలతాడు. తాడు తీసుకుని కిందికి పరుగెత్తండి" అని అరుస్తున్నాడు. ఆ అరుపు నేను విన్నాను. విని కూడా, బండిలోంచి తెచ్చిన తాడును నడుముకు కట్టుకుని దూకాను.

తాడు ఉందన్న ధైర్యంతో దూకాను. ఆ తాడే నన్ను ముంచింది. గట్టు మీద నలుగురు బిగించి పట్టుకున్నారు, నీరు ముందుకు లాగుతోంది. అలాంటి నీళ్లలో నడుముకు తాడు కట్టిన మనిషిని బిగించి పట్టుకుంటే నీరు అతన్ని అడుగుకే నొక్కుతుంది. కళ్లు తెరిస్తే తెలుపు తప్ప ఏమీ లేదు. చెవుల్లో రోడ్డు రోలరు తిరుగుతున్న చప్పుడు. ముడి విప్పబోయాను. తడిసి బిగిసిన ముడి వేళ్లకు లొంగలేదు. కుడిచేతి చూపుడువేలి గోరు ఊడిపోయింది. చిన్నప్పుడు ఆ వంకర గోరు పట్టుకుని ఇదేమిటి బాపూ అని అడిగేవాడివి, తలుపులో పడిందని చెప్పేవాణ్ని.

ఊపిరి అయిపోతోందనగా తాడు వదులైంది. పట్టుకున్నవాళ్ల చేతుల్లోంచి పెద్దన్న దాన్ని గుంజి వదిలేశాడట. మనిషిని చంపేస్తున్నావని వాళ్లు ఆయన మీద పడ్డారట. తాడు వదిలాక అడుగు నీరే నన్ను పట్టుకుపోయి, బుగ్గ దాటించి, కింద రేగడి గట్టుకు తోసింది.

అందరూ నా చుట్టూ చేరారు. ఒకరు వీపు రుద్దుతున్నారు, ఒకరు దుప్పటి కప్పుతున్నారు. వాగు మలుపులో గొర్రెలు కాస్తున్న ఒక పెద్దమ్మ ఆ గుంపును తోసుకుని వచ్చింది. "పిల్లవాడు ఆ తుమ్మచెట్టు దగ్గర రెండుసార్లు తేలాడయ్యా. ఎర్ర బనియను. నేను అరిచాను. మీరంతా అటే చూస్తున్నారు" అన్నది.

అటు అంటే నా వైపు.

పెద్దన్న చెప్పినట్టే ఆ పిల్లవాడు బుగ్గ అవతలే తేలాడు. తుమ్మచెట్టు గట్టుకు ఐదారు గజాల దూరం, తాడు విసిరితే అందుతుంది. ఆ తాడు నా నడుముకు ఉంది. అతని కోసం చాపిన చెయ్యి ఒక్కటే ఒక్కటి ఉండింది అక్కడ. నన్ను బతికించడానికి పెద్దన్న ఆ చెయ్యి దించి తాడు అందుకోవాల్సి వచ్చింది. గట్టు మీద వందమంది ఉన్నారు బిడ్డా, వందమందీ నన్నే చూశారు.

పిల్లవాడు మరునాడు పొద్దున దొరికాడు. దాని గురించి ఇక రాయలేను.

పెద్దన్న నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ వానాకాలమంతా నన్ను నీళ్లలోకి దింపలేదు. ఎక్కడికి పోయినా గట్టున నిలబెట్టి "ఏం కనిపిస్తోందో చెబుతూ ఉండు" అనేవాడు. మొదట్లో నీళ్లు కనిపిస్తున్నాయి అనేవాణ్ని. దసరా నాటికి నీటి మీది గీత ఎక్కడ విరిగితే కింద బండ ఉందో, ఎక్కడ ఊరికే తిరిగితే గుంత ఉందో తెలియడం మొదలైంది. మునిగే మనిషి ఎలా ఉంటాడో కూడా ఆయనే చూపించాడు. చేతులు ఊపుతాడనీ, కేకలు వేస్తాడనీ అందరూ అనుకుంటారు. నిజంగా మునిగేవాడికి ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, అరుపు ఎక్కడినుంచి వస్తుంది? తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, చేతులు పక్కలకు చాచి నీళ్లను కిందికి నొక్కుతుంటాయి. నిమిషం లోపే అయిపోతుంది. పక్కనే స్నానం చేస్తున్నవాళ్లకు కూడా తెలియదు. మేడారం జాతరలో జంపన్నవాగు దగ్గర డ్యూటీ చేసిన రోజుల్లో, అంత జనంలో నేను వెతికింది నిశ్శబ్దంగా ఉన్న తలలనే. అరిచేవాడికి ఇంకా ఊపిరి ఉన్నట్టే.

తర్వాత నేను కూడా చాలామంది కుర్రాళ్లకు నేర్పాను. దూకేవాడి కంటే చూసేవాడు దొరకడమే ఎప్పుడూ కష్టమయింది.

ఇక నీ సంగతికి వస్తాను. 2023 జూలై 27 నీకు గుర్తుండకుండా ఎలా ఉంటుంది. ఆ ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి మునిగి జనం మిద్దెలెక్కితే హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. ఇక్కడ నువ్వు సైకిల్ తొక్కిన హంటర్ రోడ్డు మీద పడవలు తిరిగాయి. ఎన్టీఆర్ నగర్‌లో నువ్వు గొంతు లోతు నీళ్లలో ఒక ముసలమ్మను వీపున మోసుకొచ్చావు. ఎవరో వీడియో తీశారు. కాలనీ అంతా నిన్ను మెచ్చుకుంది. నేను మాత్రం చెంప మీద కొట్టినంత పని చేశాను. ఆ రోజు నుంచి నీకూ నాకూ మధ్య ఏదో బిగుసుకుపోయింది, అది నాకు తెలుసు.

ఇప్పుడు చెబుతున్నాను, ఆ రోజు నువ్వు చేసింది గొప్ప పని. ఆ ముసలమ్మ ఇప్పటికీ బతుకమ్మ నాడు మన ఇంటికి సద్ది పంపుతుంది. ఈ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. మరి కొట్టబోయింది ఎందుకంటే, నీళ్లు తీసిన మూడో రోజు నేను ఒక్కణ్నే నువ్వు నడిచిన దారిన నడిచాను. నువ్వు ఆనుకుని వచ్చిన కాంపౌండ్ గోడ పక్కన, గోడకు మూరెడు దూరాన, మూత కొట్టుకుపోయిన మ్యాన్‌హోల్ ఉంది. నిండా బురద. నా చేతికర్ర పూర్తిగా లోపలికి పోయింది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నువ్వు పోయి ఉంటే నీ వీపు మీది మనిషి కూడా నీతోనే పోయేది. వీడియో నాకూ పంపారు. అందులో నువ్వు తప్ప ఏమీ లేదు. ఆ పక్కింటి మెట్ల మీద ఇంకా ఎవరున్నారో ఫోను పట్టుకున్నవాడు చూడలేదు.

నిన్న నీ గొంతులో నాకు ఆ వీడియో వినిపించింది. బాధపడకు, ఉన్నమాట రాస్తున్నాను.

సముద్రంలో కూడా ఇలాంటి మాయ ఒకటుందని నువ్వే చెప్పావు. అలలు విరిగే చోట జనం భయపడతారు, అలలు విరిగే రెండు చోట్ల మధ్య నీరు నునుపుగా, ప్రశాంతంగా ఉన్న చోట దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే, మీరు రిప్ కరెంట్ అంటారు. ఒడ్డు వైపు ఎదురీది అలసిపోయినవాళ్లు మునిగిపోతారు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదినవాళ్లు బయటపడతారు. ఇది చెప్పినప్పుడు నీ గొంతులో గర్వం ఉంది, నాకు సంతోషమేసింది. ఆ పాఠం నీకు నేర్పింది ఎవరు? ఆ పెద్ద సారే కదా. రాళ్ల మీద గంటసేపు కూర్చోబెట్టి నీళ్ల రంగు చూడమన్నాడని నువ్వే అన్నావు. ఆయన నీకు నేర్పడం ఎప్పుడో మొదలుపెట్టాడు.

బ్యాచ్‌లో అందరికంటే బాగా ఈదేవాణ్ని పడవ అంచున ఎందుకు నిలబెట్టాడో నాకు అర్థమైంది. అందరికంటే ముందు దూకేది నువ్వే. నువ్వు దూకితే అందరి కళ్లూ నీ మీదే ఉంటాయి. నిన్ను కాపాడడానికి ఇంకొకరు దూకాలి. మన పేపర్లలో ప్రతి ఎండాకాలం చూస్తూనే ఉన్నాం, చెక్‌డ్యాం దగ్గర ఒకడు మునుగుతుంటే కాపాడబోయి ఇంకో ఇద్దరు. వాళ్లలో చాలామందికి ఈత వచ్చు.

ఆయనకూ ఎక్కడో ఒక తుమ్మచెట్టు ఉండే ఉంటుంది. అడగకు. ఆయనే చెబితే మధ్యలో మాట్లాడకుండా విను.

పని గురించి రెండు మాటలు, పెద్దన్న నాకు చెప్పినవి. కన్ను ఆర్పకుండా చూడాలని బిగపట్టకు, కళ్లలో నీళ్లు తిరిగితే ఏమీ కనిపించదు. మామూలుగా రెప్ప వెయ్యి, తల మాత్రం తిప్పకు. అల చాటున మనిషి మాయమైతే చెయ్యి అక్కడే ఉంచు, వెతుక్కుంటూ అటూ ఇటూ కదిలించకు. చెయ్యి నొప్పి పుట్టి ఇంకొకరికి అప్పగించాల్సి వస్తే, పక్కవాడు వచ్చి తన చెయ్యి చాపి "కనిపిస్తున్నాడు" అని నోటితో అనాలి. అప్పటిదాకా నీది దించకు. పక్కవాడు వచ్చాడు కదా అనుకుని దించిన ఆ ఒక్క క్షణంలోనే మనుషులు పోతారు.

జూన్ 14తో మీ దగ్గర చేపల వేట నిషేధం అయిపోతుంది. 15 నుంచి పడవలన్నీ ఒక్కసారిగా సముద్రం మీదికి పోతాయి, అప్పటికి రుతుపవనాలు కూడా వస్తాయి. మీకు తీరిగ్గా నేర్పడానికి ఆయనకు మిగిలింది రెండు వారాలే. అర్జీ రాయడానికి తీసిన కాగితం ఉంటే దాని మీద మీ అమ్మకు నాలుగు ముక్కలు రాయి. ఫోనులో నీ గొంతు విన్నాక కూడా నీ చేతిరాత చూడాలంటుంది. పచ్చళ్లు కట్టి ఉంచింది, ఎవరైనా అటు వస్తుంటే పంపిస్తాను. పెద్ద సార్‌కు కూడా ఒక సీసా ఉంది. మా బాపు పంపాడని చెప్పి ఇవ్వు, ఇంకేమీ చెప్పకు.

ఆగస్టులో సెలవు దొరికితే రా. మత్తడి పడితే నిన్ను ఆ చెరువు దగ్గరికి తీసుకెళ్తాను. తుమ్మచెట్టు ఎప్పుడో కొట్టేశారు, మోడు ఉంది. గట్టు మీద ఎక్కడ నిలబడితే అది సరిగ్గా కనిపిస్తుందో నాకు తెలుసు. ప్రతి ఏడూ అక్కడే నిలబడతాను.

నీ బాపు